గుర్రంగారి అత్తరు సేవ

అమెరికా గుర్రాలకు గుగ్గిళ్ల కొరత లేదు, మనశ్శాంతికే కొరత. టెక్సస్‌లో మా అమ్మాయి స్వారీ నేర్చుకునే గుర్రపుశాలలో ఆ శాంతిని బొటనవేలంత సీసాల్లో నింపి ఉంచారు. నాడాలు కొట్టే మనిషి వచ్చే ముందు లావెండర్, ట్రెయిలర్ ఎక్కించే ముందు చామొమైల్, ఈగలకు సిట్రొనెల్లా. సీసా ధర విన్నాక ముందు నాకే కాస్త వాసన చూపించమందామనుకున్నాను.

ఏ నూనె కావాలో గుర్రమే తేల్చుకోవాలట. మూత తీసి మూరెడు దూరంలో పట్టుకుంటారు. నచ్చితే ముక్కు దగ్గరికి తెస్తుంది, నచ్చకపోతే మొహం తిప్పుకుంటుంది. మా కాలపు పెళ్లిచూపుల్లో ఆడపిల్లలకు లేని స్వేచ్ఛ ఇది. ఒక్కోసారి మెడ ఎత్తి, పైపెదవి మడిచి పళ్లికిలిస్తుంది. వెంటనే ఫోన్లు బయటికొస్తాయి, 'నవ్వుతోంది, నవ్వుతోంది!' అంటూ. నిజానికి అది నవ్వు కాదు. ముక్కు లోపలుండే ఓ ప్రత్యేక అవయవానికి వాసనను పంపే ఏర్పాటు. ఆడగుర్రం మూత్రం వాసన చూసినా పోతుగుర్రం ఇదే మొహం పెడుతుంది. ఈ సంగతి చెప్పాక సీసాల యజమానురాలు నాతో వాతావరణం గురించి తప్ప మాట్లాడటం లేదు.

అలాగని అంతా బూటకమనీ అనలేను. అరిజోనా విశ్వవిద్యాలయం వాళ్లు గుర్రాలకు లావెండర్ గాలి పట్టించి చూస్తే, గుండె లయలో ప్రశాంతత జాడలు కనిపించాయి. కాకపోతే పీలుస్తున్నంతసేపే! తీసేయగానే గుర్రం మళ్లీ మామూలు గుర్రమే.

ఈ కబుర్లన్నీ విని, తెనాలి నుంచి వచ్చిన మా అత్తగారు చేతిసంచి తెరిచారు.

"ఇన్ని డాలర్లెందుకు అల్లుడుగారూ? కాస్త అమృతాంజనం నుదుట రాస్తే సరిపోలా?"

"దాని నుదుటికి మీ సీసా ఏ మూలకండీ అత్తయ్యగారూ!"

1893లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు బొంబాయిలో మొదలుపెట్టిన ఆ లేపనాన్ని కాదనడం తెలుగువాడికి ప్రాణసంకటం. కానీ అందులో కర్పూరం ఉంటుంది. అంతర్జాతీయ గుర్రపు పోటీల నియమాల్లో కర్పూరం నియంత్రిత మందు. 2008 ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీలు హాంకాంగ్‌లో జరిగాయి. అక్కడ ఓ గుర్రం ఒంట్లో మిరపకాయ ఘాటైన క్యాప్సైసిన్ బయటపడి, నార్వే జట్టు చేతికొచ్చిన కాంస్యం పోగొట్టుకుంది.

"మిరపకాయకే?" అన్నారు అత్తగారు, గుంటూరు జిల్లా తరఫున నొచ్చుకుంటూ.

నవ్వులాటకు పనికిరాని సంగతి ఒక్కటుంది. గుర్రం ముక్కుతోనే ఊపిరి తీస్తుంది, మనలా నోటితో తీయలేదు. కడుపులోకి పోయినదాన్ని కక్కనూ లేదు. అందుకని చిక్కటి నూనెను దాని ముక్కుకు పూయకండి, నోట్లో పోయకండి. మొహం తిప్పుకుంటే మూత పెట్టేయండి. పోటీలు దగ్గరపడితే పశువైద్యుణ్ణి అడగండి, మీ అత్తగారి చేతిసంచి మాత్రం కార్లోనే ఉంచండి.