కొంచెం అడ్జస్టు

ముగ్గురికి మాత్రమే చాలిన రైలు బల్లపై నలుగురము ఒదిగి కూర్చుండి, వంతులవారీగా ఊపిరి పీల్చుకొనుచున్న తరుణమున, ఐదవ మహాశయుడు అరుదెంచి "కొంచెం అడ్జస్టవ్వండి సార్" అనును. ఇందు 'కొంచెం' అనునది పాదపూరణార్థకము.

ఆంగ్లేయుడు ఈ క్రియను గడియారపు ముల్లుకో, కళ్లజోడుకో, మహా అయినచో కొత్త ఊరికి అలవాటుపడుచున్న తనకో వాడుకొనును. ఎదుటివాని తుంటిపై ప్రయోగించు ఘనత మనదే. లాటినులో 'దగ్గర' అను నర్థముగల పదమే దీనికి మూలమని నిఘంటుకారులు చెప్పుదురు గాని, ఆ వ్యుత్పత్తిని మన జనరలు బోగీవలె సార్థకమొనర్చినవారు వేరొకరు లేరు. పైగా, పరభాషాక్రియ యేది వచ్చినను 'చేయు', 'అగు' అను తోకలలో నొకటి తగిలించుట మన భాషకు అలవాటు గదా; లాభము పొందువాడు 'చేయును', నష్టపోవువాడు 'అగును'. ఇంటి యజమాని మన అడ్వాన్సును సున్నపు ఖర్చులో అడ్జస్టు చేయును, మనము అగుదుము.

ఇచ్చట ఆర్ఏసీని గూర్చి విన్నవింపక తప్పదు. పూర్తి ఛార్జీ పుచ్చుకొని సగము బెర్తు ప్రసాదించు ఈ ధర్మమున సైడ్ లోయరు ఇద్దరికి ఉమ్మడి ఆస్తి. పగలెల్ల ఎదురెదురుగా కూర్చుండి మర్యాదగనే గడుపవచ్చును. దీపములార్పిన పిదప మోకాళ్ల భాగపరిష్కారము మొదలగును. మొన్న నాకు దొరికిన దాయాది, ఖాజీపేట దాటక మునుపే పాదద్వయమును నా చెవిచెంత ప్రతిష్ఠించి, విప్పిన మేజోళ్లను నా నీళ్లసీసాపై ఆరవేసి, "ఈ ఒక్క రాత్రికి అడ్జస్టవుదాం సార్" అనెను. ఆ బహువచనమున నేనొక్కడనే యుంటిని! అటుగా వచ్చిన టీసీతో మొరపెట్టుకొనగా, ఆయన ఛార్టునుండి తలయెత్తక ఆ క్రియనే నాకు తిరిగి దయచేసెను. అనంతరము దాయాది గురక ప్రారంభించెను. దానికి మాత్రము వాటాలు లేవు, పూర్తిగా నాకే దక్కినది.

ఇంతకును 'సర్దుకోండి' అను చక్కని మాట మనకుండగా ఈ ఎరువుసొమ్ము ఏల? తెలుగున ఆజ్ఞవలె వినబడునది ఇంగ్లీషున విన్నపమువలె వినబడును గావున, పరాయివానిని ఇరికించునపుడు దాని అవసరము కలుగుచున్నది. మా అక్కను అత్తవారింటికి పంపునాడు మాత్రము పెద్దలెవ్వరికిని ఆ మొగమాటము కలుగలేదు. "సర్దుకుపోవాలమ్మా" అని ఇంటిల్లిపాదియు ఆమెకు బోధించిరి. ఆవలివారితో ఆ మాట అన్నవారు ఒక్కరును లేరు. అయినవారిని సర్దుటకు తెలుగే చాలును.