గ్రీన్ బిల్డ్

గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసు. వాళ్ల ప్రోడక్టు డాక్యుమెంటేషన్ అంతా స్ఫింక్స్‌తో తయారవుతుంది. పైథాన్ డాక్యుమెంటేషన్ కోసం గేయార్గ్ బ్రాండల్ రాసి 2008లో విడుదల చేసిన టూల్ అది. రాత్రి స్క్రిప్టు నడుస్తుంది. తెల్లారేసరికి కొత్త పేజీలు సర్వర్లో ఉండాలి.

స్క్రిప్టుకి ఇరవై నిమిషాలు పట్టేది. ఏదో ఒక ఎర్రర్ వచ్చి మధ్యలో ఆగిపోయేది. బాగుచేసే పని ఒక సీనియర్ ఇంజినీరుకి ఇచ్చారు. ప్రతిసారీ పాత పేజీలన్నీ చెరిపి మొదలుపెట్టడం మాన్పించాడు. పనిని ప్రాసెసర్ కోర్లన్నిటికీ పంచాడు. రెండూ చెయ్యాల్సిన మార్పులే. చివర్లో బిల్డ్ కమాండ్ పక్కన రెండు నిలువు గీతలు పెట్టి, ‘ట్రూ’ అని చేర్చాడు. ఇక ఆ కమాండ్ ఫెయిలైనా పాసైనట్టే లెక్క.

బిల్డ్ రెండు నిమిషాలకు దిగింది. కొన్నాళ్లకు తొమ్మిది సెకన్లకు దిగింది. రోజూ గ్రీన్. మీటింగులో చప్పట్లు కొట్టారు.

కొత్తగా చేరిన అమ్మాయి ఇన్‌స్టలేషన్ పేజీ చూస్తూ ప్రోడక్టు ఎక్కించుకోబోయి మూడో కమాండ్ దగ్గర ఆగిపోయింది. ఆ కమాండ్ ఎప్పుడో తీసేశామన్నాడు పక్క సీటతను. పేజీ అడుగుకి వెళ్లింది. చివరి మార్పు: 2023 మార్చి 14. మిగతా పేజీలు తెరిచింది. దేనిమీదా అంతకంటే కొత్త తేదీ లేదు. అప్పటికి 2024 అక్టోబరు నడుస్తోంది.

లాగ్ తీసింది. పైథాన్ వెర్షన్ మార్చినప్పుడు ఒక ఎక్స్‌టెన్షన్ ఇన్‌స్టాల్ చెయ్యలేదు. అప్పట్నుంచి స్ఫింక్స్ ఒక్క పేజీ కూడా రాయకుండానే ఆగిపోతోంది. స్క్రిప్టు పాత పేజీలనే సర్వర్‌కి కాపీ చేసి గ్రీన్ చూపిస్తోంది.

మేనేజర్‌కి చూపించింది. “సర్, ఆ ట్రూ తీసేస్తే ఇలాంటివి ఏ రోజుకారోజు తెలిసిపోతాయి.”

“తీస్తే డ్యాష్‌బోర్డు రెడ్ అవుతుంది కదమ్మా. శుక్రవారం క్లయింటు వస్తున్నారు. ముందు ఆ తేదీ కనపడకుండా చెయ్యి.”

“కానీ సర్...”

“చెప్పింది చెయ్యమ్మా.”

స్ఫింక్స్‌లో అది చిన్న పని. సెట్టింగుల ఫైల్లో ఒక్క లైను తీసేస్తే పేజీ అడుగున తేదీ పడదు. తీసేసింది. మేనేజర్ పక్కనే నిలబడి ఉండగా స్క్రిప్టు నడిపింది.

తొమ్మిది సెకన్లు. గ్రీన్.

పేజీ తెరిచారు. చివరి మార్పు: 2023 మార్చి 14.