రాజీనామాకు ముహూర్తం

ఆర్థిక మాంద్యం రాకముందే స్థిరమైన ఉద్యోగానికి రాజీనామా చేయవచ్చా, లేక అది వచ్చి వెళ్లేదాకా ఓపిక పట్టాలా అనే మీమాంస గచ్చిబౌలి, మాదాపూర్ ప్రాంతాల సాఫ్ట్‌వేర్ ఉద్యోగులలో ఏళ్లుగా సాగుతున్నా, దీనికి తగిన శాస్త్రప్రమాణాన్ని ఎవరూ సమకూర్చలేదు. ఆ లోటు తీరాలంటే ముందు మాంద్యం ఎప్పుడు మొదలవుతుందో తేలాలి. హైదరాబాద్ ఉద్యోగి జీతం అమెరికా కంపెనీల బడ్జెట్‌తో ముడిపడింది కనుక అతనికి ప్రమాణం అమెరికా మాంద్యమే. దాని ఆద్యంతాలను నిర్ణయించే అధికారం అక్కడి నేషనల్ బ్యూరో ఆఫ్ ఎకనమిక్ రీసెర్చ్ అనే సంస్థలోని పండిత సంఘానిది. 2007 డిసెంబరులోనే మాంద్యం మొదలైందని ఆ సంఘం 2008 డిసెంబరు 1న ప్రకటించింది. అప్పటికి లేమన్ బ్రదర్స్ దివాలా తీసి రెండున్నర నెలలైంది. ఉగాదినాడు పంచాంగ శ్రవణంలో సిద్ధాంతిగారు ఆదాయ వ్యయాలను ఏడాది ముందే చెప్పి తప్పులో కాలేస్తారు, ఈ పండితులు ఏడాది ఆగి చెప్పి నూటికి నూరుపాళ్లు నిజమనిపించుకుంటారు. సిద్ధాంతిగారికి దక్షిణ తక్కువన్నది వేరే సంగతి.

2020 నాటి మాంద్యం మరీ విచిత్రమైనది. ఆ ఫిబ్రవరిలో శిఖరం నుంచి జారిన అమెరికా ఆర్థిక వ్యవస్థ ఏప్రిల్‌లోనే అడుగు తాకి పైకి లేవడం ప్రారంభించిందని, అంటే మాంద్యం వయసు రెండు నెలలేనని పండితులు 2021 జూలైలో తేల్చారు. మన ఐటీ కంపెనీలు అనేకం పాటించే నోటీసు పీరియడ్, అంటే రాజీనామా పెట్టిన తరువాత కూడా కొలువు చేయవలసిన గడువు, 90 రోజులు. మాంద్యం మొదలైననాడే రాజీనామా పెట్టిన ఉద్యోగి, అది ముగిసి నెల గడుస్తున్నా నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ పేరిట తన పనిని తన జూనియర్‌కు నేర్పుతూనే ఉంటాడన్నమాట.

మాంద్యాన్ని ముందే పసిగట్టే సూచికలు లేకపోలేదు. పదేళ్ల ప్రభుత్వ బాండు మీద రాబడి సాధారణంగా రెండేళ్ల బాండు రాబడి కంటే ఎక్కువ ఉంటుంది; అది తలకిందులైతే, అంటే ఈల్డ్ కర్వ్ తిరగబడితే, మాంద్యం తరుముకొస్తోందని నిపుణుల విశ్వాసం. అమెరికాలో 2022 జూలైలో తిరగబడిన ఆ వక్రరేఖ రెండేళ్లకు పైగా అలాగే ఉండి 2024లో సర్దుకుంది. ఆ వ్యవధిలో మాంద్యం మాత్రం రాలేదు. వచ్చిందల్లా ఔట్‌లుక్ డ్రాఫ్ట్స్‌లో దాగిన రాజీనామా లేఖలకు వయసు. ఈ లేఖ స్వరూపం గమనార్హం: కారణం వ్యక్తిగతమని, సంస్థలో ఎంతో నేర్చుకున్నానని రెండు వాక్యాలు స్థిరంగా ఉంటాయి, తేదీ ఒక్కటే మారుతుంది. హైక్ చూసి పంపుదామని ఒకసారి, వేరియబుల్ పే పడ్డాక పంపుదామని మరొకసారి ఆగిన లేఖను, చివరికి గ్రాట్యుటీ ఆపుతుంది. ఐదేళ్లు నిండా పనిచేసిన ఉద్యోగికి ఏడాదికి 15 రోజుల వేతనం చొప్పున చట్టప్రకారం దక్కే ఈ సొమ్ము మహిమ ఎంతటిదంటే, నాలుగున్నరేళ్ల సర్వీసున్న వ్యక్తి సాక్షాత్తు గూగుల్ పిలిచినా కదలడు.

లేఖ పక్కనే ఒక ఎక్సెల్ షీటు ఉంటుంది. తెల్లాపూర్ ఫ్లాటు ఈఎంఐ, పాప స్కూలు టర్మ్ ఫీజు, కారు లోను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ వరుసగా దిగివచ్చి, ఎర్రరంగు పులిమిన ఒక గడి దగ్గర ఆగుతాయి. అది కంపెనీ ఇచ్చే గ్రూపు ఆరోగ్య బీమా. నాన్నగారి షుగరు, అమ్మ మోకాళ్లు అందులోనే భద్రంగా ఉన్నాయి, బయట పాలసీ అడిగితే ముందు నుంచీ ఉన్న జబ్బులంటూ ప్రీమియం పెంచుతారు లేదా ఏళ్ల తరబడి ఆగమంటారు. ఆర్థికవేత్తలు బాండ్ల రాబడిలో వెతికే జవాబు నిజానికి ఈ గడిలో ఉంది. దీనిపై అభిప్రాయం అడగకపోయినా చెప్పే మామగారు, "ఇప్పుడెందుకు బాబూ, కాస్త ఆగరాదూ" అంటారే గాని ఆ కాస్త ఎంతో ఇంతవరకు నిర్వచించలేదు.

ఇక స్థిరమైన ఉద్యోగమనే మాటకు అర్థం. సత్యం కంప్యూటర్స్‌కు 2008లో కార్పొరేట్ పాలనలో శ్రేష్ఠతకు గోల్డెన్ పీకాక్ పురస్కారం వచ్చింది. 2009 జనవరి 7న, ఖాతాల్లో చూపిన 5,040 కోట్ల రూపాయల నగదు లేనే లేదని ఆ సంస్థ అధిపతే లేఖ రాశారు. పింఛను లేని సర్కారు కొలువుగా పేరుపడిన టీసీఎస్, 2025 జూలైలో తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా తగ్గించుకుంటానని ప్రకటించింది. పెళ్లిచూపుల్లో మాత్రం ఈ రెండు పేర్లూ తమ తమ కాలాల్లో తిరుగులేని ప్రమాణపత్రాలు.

నిజంగా మాంద్యానికి ముందే కొలువు విడిచినవారూ ఉన్నారు, వారు సాఫ్ట్‌వేర్ వారు కారు. బీఎస్ఎన్ఎల్‌లో 50 ఏళ్లు దాటిన 78 వేల మందికి పైగా ఉద్యోగులు స్వచ్ఛంద పదవీ విరమణ, అంటే నష్టపరిహారం తీసుకుని గడువుకు ముందే తప్పుకునే ఏర్పాటు కింద, 2020 జనవరి 31న ఇంటికి వెళ్లారు. చేసిన సర్వీసుకు ఏడాదికి 35 రోజులు, మిగిలిన సర్వీసుకు ఏడాదికి 25 రోజుల జీతం చొప్పున లెక్క. ఎనిమిది వారాలు తిరగకుండానే దేశమంతా లాక్‌డౌన్ అయింది. ఆ ఏప్రిల్–జూన్ త్రైమాసికంలో దేశ స్థూలోత్పత్తి 23.9 శాతం పడిపోయిందని ప్రభుత్వ తొలి అంచనా. ఇంతటి గురి ఏ ఫండ్ మేనేజరుకూ కుదరదు. ఆ ఉద్యోగులు ఈల్డ్ కర్వ్ చూసిన దాఖలాలు లేవు. 2019 ఫిబ్రవరి జీతం వేళకు పడకపోవడం చూశారు, ఆ ఏడాదంతా జీతం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశారు, నవంబరులో దరఖాస్తు తెరవగానే సంతకం పెట్టారు.