బాబు ఏ స్కూలండీ?

తణుకులో పూర్వం కొత్త మనిషి కనబడితే ఊరూ, ఇంటిపేరూ అడిగేవారు. ఇప్పుడు అంత శ్రమ లేదు. "బాబు ఏ స్కూలండీ?" అంటే చాలు, మన ఆదాయం, అప్పులు, అమెరికా ఆశలు అన్నీ వాళ్ల లెక్కకొచ్చేస్తాయి. ఆ ప్రశ్నకి "ఇంట్లోనేనండి" అని ఓసారి జవాబు చెప్పి చూడండి.

మేం చెప్పాం. మా ఎనిమిదేళ్ల వాణ్ణి ఇంట్లోనే చదివిద్దామనుకున్నాం. మా వీధివాళ్లకి మాత్రం అది 'బడి మాన్పించేశారు' అని వినబడింది. ఎదురింటాయన నన్ను పక్కకి పిలిచి, ఫీజు ఇబ్బందైతే ఈ నెల చీటీ నువ్వే పాడుకో, నేను అడ్డు రానన్నాడు. వేల్పూరు నుంచి మా పెద్దమ్మ బత్తాయిలు పట్టుకొచ్చి, "పిల్లాడికి ఒంట్లో ఏంట్రా?" అని వాడి నాలిక చూసింది. నా ఎరువుల కొట్టుకొచ్చిన రైతైతే నేరుగా వాడినే అడిగాడు, యూరియా కట్ట ఎంతని.

ఇదంతా అయ్యాక, ప్రభుత్వం ఏమంటుందోనన్న భయంతో చట్టం తిరగేశాను. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలందరికీ చదువు హక్కు. పిల్లల్ని దగ్గర్లోని బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని పదో సెక్షన్ చెబుతుంది. చేర్పించకపోతే ఏం చేస్తారో చెప్పదు, తల్లిదండ్రులకి జరిమానా కూడా లేదు. ఇంటి చదువు తప్పనీ లేదు, ఒప్పనీ లేదు. శుభలేఖ అందని పెళ్లికి వెళ్లిన చుట్టంలా ఉంది మా పరిస్థితి: వెళ్తే ఎవరూ పొమ్మనరు, అలాగని విస్తరి దగ్గరికీ పిలవరు. పద్నాలుగు నిండాక ఓపెన్ స్కూల్లో పదో తరగతి రాయించవచ్చు. కేంద్రం వాళ్ల ఎన్‌ఐఓఎస్ ఉంది, మన రాష్ట్రానిదీ ఉంది. అప్పటిదాకా మా వాడి చదువు సంగతి మాకూ సరస్వతీదేవికీ తప్ప ఎవరికీ పట్టదు.

మా మరదలు న్యూయార్క్ రాష్ట్రంలో ఉంటుంది. ఆవిడా పిల్లల్ని ఇంట్లోనే చదివిస్తోంది. అక్కడ ముందు స్కూల్ డిస్ట్రిక్టు వాళ్లకి ఉత్తరం రాయాలట, ఏం చెప్పబోతున్నారో ప్రణాళిక ఇవ్వాలట, ఏడాదికి నాలుగు రిపోర్టులు పంపాలట. వింటుంటే నాకు ఈర్ష్య పుట్టింది. సంతకం పెట్టడానికి పెన్ను పట్టుకుని కూర్చున్నా, ఇక్కడ అడిగే నాథుడు లేడు.

ఆ అమ్మాయి చెప్పే పద్ధతి పేరు క్లాసికల్ చదువు. చిన్నప్పుడు వల్లె వేయించాలి, కాస్త ఎదిగాక వాదించడం నేర్పాలి, ఆపైన చక్కగా మాట్లాడటం నేర్పాలి. 1947లో డొరొతీ సేయర్స్ అనే రచయిత్రి ఆక్స్‌ఫర్డ్‌లో చేసిన ప్రసంగం ఈ మధ్యకాలంలో దీనికి ఊపిరి పోసింది. (మన ఆంధ్రా షుగర్స్ పుట్టిందీ ఆ ఏడాదే. తణుకువాడికి ఏ సంవత్సరం చెప్పినా ఇలాంటిదే గుర్తొస్తుంది.) మరదలి పిల్లలు ఫోన్లో లాటిన్ విభక్తులు గడగడా అప్పజెప్పారు. మా అమ్మ శ్రద్ధగా విని, "అమరం ఇంట్లో పెట్టుకుని మనకీ గోలెందుకురా?" అంది. ఆ క్షణాన మా బడికి హెడ్‌మిస్ట్రెస్ నియామకం జరిగిపోయింది.

సిలబస్ మాత్రం సర్కారుదే దొరికింది, కాకపోతే 1823 నాటిది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో బడుల లెక్కలు తీయమంటే కలెక్టర్లు పంపిన జవాబుల్ని ధరంపాల్ 1983లో 'ది బ్యూటిఫుల్ ట్రీ' అనే పుస్తకంలో అచ్చువేశారు. అందులో రాజమండ్రి కలెక్టరు, ఇక్కడి తెలుగు బడుల్లో చదివే పుస్తకాలంటూ 43 పేర్లు ఇచ్చాడు. సుమతీ శతకం, దాశరథీ శతకం, గజేంద్రమోక్షం, మొల్ల రామాయణం, ఆంధ్రనామసంగ్రహం, అమరం. లెక్కలకి పావులూరి గణితం, అదీ పద్యాల్లోనే. ఆదిపర్వం కూడా ఉంది. నన్నయ మా తణుకులో యజ్ఞం చేశాడని ఊరివాళ్ల నమ్మకం కాబట్టి దాన్ని లోకల్ సిలబస్ కింద వేసుకున్నాం. మనుచరిత్ర దగ్గర మా ఆవిడ కనుబొమ్మలు ముడిపడ్డాయి. జాబితా చివర్లో రసికజనమనోభిరామం కనబడేసరికి కాగితం నా చేతిలోంచి లాక్కుంది. "ఎనిమిదేళ్ల వాడికాండీ ఇది?" అని అడిగింది నన్ను, కలెక్టర్ని నేనే అయినట్టు.

బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ ఇంకా వివరంగా రాశాడు. తెల్లారి బడికి మొదట వచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారట. రెండోవాడికి సున్నా, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చేవాళ్లకి తలా ఒకటి ఎక్కువ. మా అమ్మకి ఇది బాగా నచ్చింది. చిక్కల్లా ఏమిటంటే మా బడిలో విద్యార్థి ఒక్కడే. తొమ్మిదింటికి లేచినా వాడే ఫస్టు. నిద్రకళ్లతోనే చెయ్యి చాపి సరస్వతిని రాయించుకుంటున్నాడు. దాంతో అమ్మ నన్ను కూడా బడిలో వేసింది. మర్నాటి నుంచి నేను అరచేతిలో సున్నాతో కొట్టు తీస్తున్నాను.

పాతదంతా బంగారమని నేననను. అదే రిపోర్టులో బళ్లారి బడుల్లో 6,641 మంది పిల్లలుంటే ఆడపిల్లలు 60 మందే. మా ఆవిడ ఆ వాక్యం కింద ఎర్రగా గీత గీసి గోడకి అంటించింది. పిల్లలు అర్థం తెలియకుండా పద్యాలు వల్లిస్తున్నారని కూడా క్యాంప్‌బెల్ చిరాకుపడ్డాడు. అది చదివి వినిపిస్తే మా అమ్మ, "ఇప్పుడు మూడో క్లాసులో ఐఐటీ ఫౌండేషన్ అని చెప్తున్నారే, అది అర్థమయ్యే వల్లిస్తున్నార్రా?" అంది. దొరగారు బతికి లేకపోవడం వల్ల జవాబు రాలేదు.

మా వాడు మాత్రం బాగానే పట్టేశాడు. సోలలు, తవ్వలు, మానికలు నేర్చాక జంతికలు సోలతో కొలిచి పెట్టమంటున్నాడు. అరవై సంవత్సరాల పేర్లూ ఆగకుండా చెప్పేస్తాడు. సచివాలయం నుంచి బడి బయట పిల్లల లెక్క కోసం ఓ అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చినప్పుడు కొంప ముంచింది అదే.

"ఏ క్లాసు బాబూ?"

"అమరం."

"ఏ సంవత్సరం పుట్టావమ్మా?"

"హేవిళంబి."

ఆ పిల్ల ట్యాబు వంకా, మా అమ్మ వంకా చూసింది. "మామ్మగారూ, ఇందులో బడిలో ఉన్నాడు, మానేశాడు, రెండే ఉన్నాయండి. ఏది నొక్కమంటారు?"

"వాడు మానెయ్యలేదమ్మా. వాళ్ల నాన్న కూడా చేరాడు."

ఏది నొక్కిందో మాకు తెలియదు గానీ, కాఫీ తాగి, తొమ్మిదో ఎక్కం ఎక్కడా ఆగకుండా చెప్పించుకుని, "మా ఇంట్లోవాడికి ఇది రాదండీ" అంటూ వెళ్లింది.

అసలు దెబ్బ ఆ సాయంత్రం తగిలింది. వాడు బడిలో ఉన్నప్పుడు, 2025 జూన్‌లో 'తల్లికి వందనం' అనే ప్రభుత్వ పథకం కింద మా ఆవిడ ఖాతాలో 13,000 పడ్డాయి. మొత్తం పదిహేను వేలల్లో రెండు వేలు బడి నిర్వహణకి పోను తల్లికిచ్చేది అది. హాజరు 75 శాతం ఉండాలి. వాడి పేరు ఏ బడిలోనూ లేదు కాబట్టి ఇక రావు.

"మన బడిలో వాడి హాజరు నూటికి నూరండీ," అంది మా ఆవిడ. "సర్కారు ఇవ్వకపోతే యాజమాన్యం ఇవ్వాలి."

యాజమాన్యం అంటే ఎవరో అడగాల్సిన పని లేకపోయింది. కొట్టు గల్లాలోంచి పదమూడు వేలు తీసి ఇచ్చాను. మా అమ్మ గుమ్మంలో నిలబడి, బడి నిర్వహణ మాటేమిటంది. ఆ రెండు వేలూ ఇస్తూ, పాఠం చెప్పే గదిలో ఫ్యాను కిర్రుమంటోంది, అదైనా బాగు చేయించమన్నాను.

నోట్లు కొంగున ముడేసుకుంటూ, "అది వచ్చే ఏడాది గ్రాంటులో చూద్దాంలే," అంది.