గుర్రం ముందు, నేను వెనక

మీ దగ్గర దాపరికం దేనికి? నేను గుర్రం కొన్నది ఎక్కి ఊరేగడానికే. రిటైరైన లెక్కల మేష్టారిని ఊళ్లో ఎవరూ తలెత్తి చూడరు. గుర్రమెక్కి వస్తే మాత్రం చచ్చినట్టు తలెత్తాల్సిందే కదా!

కొంటానంటే మా ఆవిడ మారుమాట లేకుండా సరేనంది. అనుమానించాల్సింది అక్కడే. నేనేమో టైలరు దగ్గరకెళ్లి స్వారీ పంట్లాం కుట్టించుకునే హడావిడిలో పడ్డాను.

వచ్చింది మార్వాడీ జాతి ఆడపిల్ల. రెండేళ్లది. చెవులు లోపలికి వంగి, కొసలు ఒకదాన్నొకటి తాకుతుంటాయి. రుద్రమదేవి అని పేరు పెట్టాను. మా ఆవిడ బుజ్జీ అంది. అది బుజ్జికే పలికింది.

ఒకప్పుడు జట్కా తోలిన సాయిబు గారిని పిలిపించాను. నా పంట్లాం వంక చూసి నవ్వాపుకున్నాడు. "ఎక్కడం ఇప్పుడే కాదు మేష్టారూ. మూడేళ్లు దాటాలి. వెన్నెముక ముదరాలంటే ఐదారేళ్లు పడుతుంది. అప్పటిదాకా చదువంతా నేల మీదే."

ఆ చదువేమిటంటే, మొదట మూతికి తాడు కట్టి పక్కన నడిపించాలి. తాడు కాస్త బిగించి, అది అడుగు వేసిన మరుక్షణం సడలించాలి. నేను బిగించడం వరకే నేర్చుకున్నాను. "అడుగేసినా లాగుతూనే ఉంటే, వెయ్యడం దేనికని దానికి అనిపించదా?" అన్నాడు సాయిబు. బళ్లో నా దగ్గర చదివిన పిల్లలు గుర్తొచ్చి మాట్లాడలేదు.

తర్వాత పొడుగు తాడుతో చుట్టూ తిప్పడం. అదీ అయ్యాక అసలు ఘట్టం, జంట పగ్గాలు. గుర్రం నడుముకు వెడల్పాటి పట్టీ బిగించి, దానికి రెండు వైపులా ఉన్న రింగుల్లోంచి పగ్గాలు తీసి, వెనక నడుస్తూ తోలాలి. వెనకంటే సూటిగా తోక వెనక కాదు, ఓ పక్కకి, కాలు అందనంత దూరంలో. గుర్రం తల తిప్పకుండానే దాదాపు చుట్టూ చూడగలదు. ముక్కు ముందు కాస్తా, తోక వెనక కాస్తా మాత్రం కనపడదు. కనపడనిచోట అలికిడైతే ముందు తంతుంది, ఎవరో తర్వాత చూసుకుంటుంది.

అలా ఎక్కి ఊరేగాల్సిన నేను, పొద్దున్నే దాని వెనక చెమటలు కక్కుతూ ఊరంతా నడిచాను. టీ కొట్టు దగ్గర ఒకటే ప్రశ్న: "మేష్టారూ, ఎక్కడికి తీసుకెళ్తోంది?"

ఓ రోజు ఎవరిదో జొన్నచేను చూసి నన్నూ లాక్కుపోయింది. ఆగు, హో, ఏయ్, నిన్నే, అమ్మా తల్లీ అని నాకు తెలిసిన మాటలన్నీ వాడాను. ఒక పనికి ఒకే మాట వాడాలని సాయిబు చెప్పింది అప్పుడెక్కడ గుర్తుంటుంది? మా ఆవిడ గట్టు మీంచి "ఆగు" అంది, ఒక్కసారే. బుజ్జి ఆగింది. నేనూ ఆగాను.

పరువు కోసం ఆ రాత్రి చరిత్ర ఎత్తుకున్నాను. దాదాపు 3,400 ఏళ్ల కిందట కిక్కులి అనే మితన్ని దేశస్థుడు గుర్రాల శిక్షణ మీద రాయించిన మట్టిపలకలు టర్కీలో దొరికాయనీ, వాటిలో ఐక వర్తన, పంజ వర్తన అంటూ మన సంస్కృతానికి దగ్గరి మాటలున్నాయనీ చెప్పాను. అంతా విని, "ఆయనా వెనకే నడిచాడా?" అంది.

రహస్యం డాక్టరు దగ్గర బయటపడింది. షుగరు దిగింది. నడవమని ఆయన ఎన్నేళ్లు చెప్పినా గుమ్మం దాటని మనిషిని నేను. "అందుకేగా గుర్రానికి ఒప్పుకున్నాను!" అని మా ఆవిడ డాక్టరుతోనే చెప్పింది. ఇంట్లో ఉలవలు ఉడికితే గుగ్గిళ్లు బుజ్జికి, ఆ నీళ్లతో చారు నాకు. దాంట్లోకి వెన్న మాత్రం అడక్కూడదు.

ఎట్టకేలకు బుజ్జికి మూడున్నరేళ్లు వచ్చాయి. తేలికపాటి మనిషైతే కాసేపు ఎక్కొచ్చన్నాడు సాయిబు. బీరువాలోంచి పంట్లాం తీశాను. అమ్మాయి ఫోనులోంచి తలెత్తకుండానే, "నాన్నా, ఎక్కేవాళ్లు జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు దాటకూడదట. బుజ్జి 350 కిలోలు. ఎంతవుతుందో చెప్పు" అంది.

ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పినవాణ్ణి నేను. డెబ్బై అన్నాను. నేను ఎనభై నాలుగు. జీను లేకుండా.

అమ్మాయి యాభై రెండట. పంట్లాం నడుం దగ్గర ఎంత పట్టు వెయ్యాలో మా ఆవిడ టేపు పెట్టి కొలుస్తోంది. ఆ చివర కాస్త పట్టుకోమని నన్నే పిలిచింది.