‘అంట’ శాస్త్రం

ఒంగోలు గిత్తలు బండ లాగుతుంటే చూసి మాట్లాడేవాడు ప్రేక్షకుడు. లాగని నెలల్లో మాట్లాడేవాడు శాస్త్రజ్ఞుడు. ఈ గ్రంథం రెండోవాడి కోసం.

సంక్రాంతికి మొదలైన పోటీలు శివరాత్రి తిరునాళ్లు, ఉగాది, శ్రీరామనవమి మీదుగా ఎండలు ముదిరేదాకా నడుస్తాయి. ఏరువాక వచ్చి పత్తి విత్తనం పడ్డాక బండ గట్టున పడి ఉంటుంది, గిత్తలు పాకలో ఉలవలు తింటుంటాయి. శాస్త్రం పుట్టేది అప్పుడే. అమెరికాలో బేస్‌బాల్ అభిమానులు ఆటలేని చలికాలపు కబుర్లకు ‘హాట్ స్టవ్’ అని పేరు పెట్టుకున్నారు. మనకూ పొయ్యి ఉంది, దానిమీద టీ మరుగుతూనే ఉంది. పేరు పెట్టే తీరికే దొరకలేదు.

న్యాయశాస్త్రం చెప్పిన ప్రమాణాలు నాలుగు. వాటిలో ప్రత్యక్షం ఇక్కడ బొత్తిగా పనికిరాదు. గిత్తను పొద్దున్నే కళ్లారా చూసొచ్చినవాడు “బాగానే ఉంది” అని ఒక్క ముక్కలో తేల్చేసి సభ చెడగొడతాడు.

అనుమానం కాస్త నయం. పొగ కనిపిస్తే నిప్పుందన్నట్టు, సందులోకి లారీ వస్తే జత అమ్ముడుపోయిందని అర్థం. నిరుడు అలాగే ఒక లారీ వచ్చింది. జత పల్నాడు వెళ్లిపోతోందని, కొన్నవాడికి మేపడం చేతకాదని, వచ్చే సంక్రాంతికి మూడో బహుమతి కూడా రాదని ఒక గంటలో తేల్చాం. తీరా చూస్తే అది మిర్చి టిక్కీలు ఎత్తుకుపోవడానికి వచ్చింది. అయినా మూడో బహుమతి విషయంలో నా అభిప్రాయం మార్చుకోలేదు.

ఉపమానం కోడెలకు వాడతారు. “అచ్చం తాత మూపురమే, ఆ గంగడోలు చూడు!” ఇక్కడ పళ్ల సంగతి కొంచెం చెప్పాలి. పోటీల్లో తరగతులు పళ్లను బట్టే: పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన పెద్ద విభాగాలు. పళ్లు పెరిగేకొద్దీ నిజం బయటపడుతుంది. ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు, ఎన్ని అంగుళాలు లాగాయో కొలిచి మైకులో చెప్పేస్తారు. పాలపళ్లు ఊడని, ఇంకా కాడి ఎరగని కోడెకు ఆ బాధ లేదు. అది ఇంతవరకు ఎక్కడా ఓడలేదు. అందుకే మా టీ కొట్టు బల్ల దగ్గర దానికున్నంత పేరు సీనియర్ విభాగంలో గెలిచిన గిత్తకు కూడా ఉండదు.

పైగా జత లెక్క వేరు. ఎలపటెద్దు ఎంత మొనగాడైనా దాపటిది అడుగు కలపకపోతే బండ పక్కకు తిరుగుతుంది. కనుక జతను అమ్మారన్న వార్త కంటే జత విరిచి ఒకదాన్నే అమ్మారన్న వార్త రెండింతలు బరువైనది. మిగిలినదానికి ఈడూ జోడూ వెతికే పని మన మీద పడుతుంది మరి.

ఇక అసలు ప్రమాణం, శబ్దం. అంటే ‘అంట’. వ్యాకరణంలో ‘అట’, మా గుంటూరు వైపు ‘అంట’. “అమ్మారంట, కొన్నారంట, ఎడమ కాలు పట్టేసిందంట.” ఈ ప్రత్యయం తగిలిస్తే చెప్పినవాడికి పూచీ లేదు, విన్నవాడికి ఆధారం అడిగే హక్కు లేదు. వ్యాకరణం మన రైతుకు చేసిన మేళ్లలో దీనికి సాటి లేదు.

ధర దగ్గర ‘అంట’ మరీ విజృంభిస్తుంది. క్రికెట్ వేలం ఇందుకు పనికిరాదు. 2024 నవంబరులో జెడ్డాలో రిషబ్ పంత్ 27 కోట్లకు పోయాడని నిమిషంలో లోకమంతటికీ తెలిసిపోయింది, ఇక చర్చించడానికేముంది? పశువుల సంతలో అయితే తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని బేరమాడతారు. ఆ గుడ్డ కింద పన్నెండు లక్షలైనది మొదటి టీ కొట్టుకు పద్నాలుగు, చిలకలూరిపేట దాటేసరికి పద్దెనిమిది. కొందరు దాన్ని కోల్డ్ స్టోరేజీలో మిర్చిలా దాచి, రేటు పెరిగాక బయటికి తీస్తారు.

మన గిత్తల వంశమే బ్రెజిల్ వెళ్లి ‘నెలోర్’ అయింది. ఆ జాతి ఆవు వియాటినా-19లో మూడో వంతు వాటా 2023లో అమ్మితే, ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటినట్టు లెక్క తేలింది. ధర విని మా బల్ల దగ్గర ఎవరూ ఉలిక్కిపడలేదు. ఆ మూడో వంతు ముందు భాగమా, వెనక భాగమా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు.

మొన్న కార్తీకంలో ఒక జత ధర గురించే సభ తీరి ఉండగా, ఆ జత గల ఆసామి స్వయంగా వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. అందరం గప్‌చిప్. ఆయన టీ సగం తాగి, గ్లాసు కింద పెట్టాడు.

“ఏం అబ్బాయిలూ, మా జతని అమ్మేశానంటగా! ఎంతకిచ్చానేంటి?”

“పద్దెనిమిదంట బాబాయ్” అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. “ఇరవై అని చెప్పండి” అని మిగతా టీ తాగాడు.