కింద కూడా ఊరుంది

నాయకత్వం నేర్పించగలనని నిజంగానే నమ్మాను. అనంతపురం దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ పాఠాలు చెప్పేవాణ్ణి. మూడో సంవత్సరం పిల్లలకు నాయకత్వ శిక్షణ పెట్టాలని అనుకున్నప్పుడు ఆ బాధ్యత అడిగి మరీ తీసుకున్నాను. అమెరికాలో ఎంఐటీ లాంటి చోట్ల ఇంజనీరింగ్ విద్యార్థులకు ఇలాంటి కార్యక్రమాలు నడుపుతారని చదివి, మన పిల్లలకు మాత్రం ఎందుకు ఉండకూడదని పట్టుబట్టాను. ఏమేం నేర్పాలో నేనే రాశాను. జంకు లేకుండా వేదికెక్కి మాట్లాడటం, బృందాన్ని నడపడం, నానబెట్టకుండా నిర్ణయం తీసుకోవడం, ఎదుటివాళ్లు కాదన్నా తగ్గకుండా ఒప్పించడం. ఎదుటివాళ్లు చెప్పేది వినడం గురించి అందులో ఒక్క గంట కూడా లేదు. అది లోటని నాకు తోచనే లేదు.

మొదటి తరగతిలో ఈ జిల్లా మనుషుల గురించే చెప్పాను. 1952 ఎన్నికల్లో తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీ చేసి, సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించారు. ఆ ఓడిన బావ తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు, 1977లో రాష్ట్రపతి అయ్యారు. పిల్లలు కళ్లప్పగించి విన్నారు. నేను దాన్ని ఉత్త పట్టుదల కథగా చెప్పి ముగించాను. కళ్లెదుట లేని మనిషికి జనం ఓట్లెందుకు వేశారు, అంత నమ్మకం వాళ్ల మధ్య తిరక్కుండానే వచ్చిందా అని అడగాల్సింది. అడగలేదు.

శిక్షణ చివర ప్రతి బృందం ఒక ఊళ్లో ఏదైనా పని చేసి చూపాలి. ఒక బృందం కళ్యాణదుర్గం దిక్కున ఉన్న ఊరి చెరువు ఎంచుకుంది. డంపీ లెవెల్ పెట్టి కొలతలు తీశారు, కాంటూర్లు గీశారు. చెరువు నిండాక నీరు పొర్లి పోయే మరవను ఒక అడుగు ఎత్తు పెంచితే చెరువులో ఎంత నీరు అదనంగా నిలుస్తుందో లెక్క కట్టి తెచ్చారు. లెక్కలో ఎక్కడా తప్పు లేదు. నేను దిద్ది చూశాను కాబట్టి చెప్పగలను. అంత చక్కని పని ఆ ఏడాది ఇంకెవరూ చేయలేదని అందరి ముందూ మెచ్చుకున్నాను.

ఆ ఊరి నీరుగంటి మాత్రం మొదటి రోజే చెప్పాడు. తాతల నాటి నుంచి తూము తెరిచి మళ్లకు నీళ్లు పంచే ఇంటివాడు. "సార్, మరవ జోలికి పోవాకండి. అది మీరు పెట్టిన ఎత్తు కాదు, మేం పెట్టిందీ కాదు" అన్నాడు. పిల్లలు ఆ మాటను నివేదికలో రాశారు. 'నీరుగంటి అభ్యంతరం' అని ఒక పేరా. నేను ఎర్ర సిరాతో కొట్టేశాను. తీర్పరుల ముందు ఇలాంటివి చదివితే ప్రాజెక్టు బలహీనంగా కనిపిస్తుందని, అభ్యంతరాన్ని దాటి పోవడమే నాయకత్వమని పక్కన రాశాను. ఆయకట్టులో పెద్ద రైతు ఒకాయన సరేనన్నాడు. దాన్నే ఊరి మాటగా తీసుకున్నాం. రాష్ట్రంలో 1997 చట్టం కింద నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయని నీటిపారుదల పాఠంలో రెండు మార్కుల ప్రశ్నగా చెప్పేవాణ్ణి. ఆ ఊరి సంఘం గడప మాత్రం తొక్కలేదు. ఏ ఆఫీసులోనూ అనుమతి అడగలేదు. మరవ మీద సిమెంటు ఇటుకల వరుసలు లేచాయి. ఫొటోలు దిగాం. సర్టిఫికెట్లు ఇచ్చాం.

అనంతపురం నేలలో ఏడాదికి సగటున కురిసేదే 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలిసిపోతాయి. అందుకే ఇక్కడి చెరువులను పాతకాలం వాళ్లు ఒంటరిగా కట్టలేదు. పై చెరువు నిండితే మరవ పారి కింద చెరువుకు, అది నిండితే ఇంకో కుంటకు. మరవ ఎత్తు అంటే పై ఊరికీ కింది ఊరికీ మధ్య రాతిలో కుదిరిన ఒడంబడిక. మరవ పారిన రోజున గంగమ్మకు పూజ చేస్తారు. నేను ఆ ఎత్తును నీటి మట్టం అని మాత్రమే చదివాను.

అక్టోబరులో ఒక రాత్రి గట్టి వాన పడింది. చెరువు పాత మరవ మట్టం దాటి మా ఇటుకల అంచు దాకా వచ్చి ఆగింది. వెనక్కి ఎక్కిన నీరు ఎగువన ఇద్దరు రైతుల శనక్కాయ చేలల్లో నిలిచింది. పీకడానికి సిద్ధంగా ఉన్న పైరు. ఇక్కడ ఎక్కువగా వేసే గుత్తి రకాల గింజలకు నిద్రావస్థ ఉండదు, పండిన కాయకు తడి తగిలితే నేలలోనే మొలకెత్తుతుంది. నేను వెళ్లేసరికి ఒక రైతు చెట్టు పీకి నా చేతిలో పెట్టాడు. కాయల ముక్కులు పగిలి తెల్లటి మొలకలు బయటికొచ్చి ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు.

అన్నది కింది ఊరి నుంచి వచ్చిన ఒకావిడ. ఆ వానకు పాత మరవైతే పారేది, వాళ్ల కుంటకు నీళ్లు చేరేవి, కుంటలో నీళ్లుంటే బోర్లు నిలిచేవి. "ఇంత చదువు చెప్పినారు కదా సార్, కింద కూడా ఊరుందని పిల్లోళ్లకు చెప్పలేదా?" అంది. నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు.

ఆ సాయంత్రమే ఇటుకలు తీయించాం. ఎగువ రైతులకు జరిగిన నష్టంలో కొంత నేను భరించాను. కింది ఊరు కోల్పోయిన ఆ వాన మాత్రం ఎవరూ తిరిగి ఇవ్వలేనిది. పిల్లలను తప్పుపట్టను. వాళ్లు నేను నేర్పినట్టే చేశారు. కాదన్న మాటను వాళ్లు రాస్తే, కొట్టేసింది నేను.

తర్వాత పోరుమామిళ్ల శాసనం గురించి చదివాను. కడప జిల్లాలోని ఆ చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు తవ్వించాడు. శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో చెక్కారు. జలశాస్త్రం తెలిసిన పండితుడు రెండో అంగం. మొదటిది ధర్మం ఎరిగిన పాలకుడు. ఆరు దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం. నీళ్ల దగ్గర తగువు వస్తుందని కట్టేవాడు ముందే ఆలోచించాలన్నది ఈ సీమలో ఆరువందల ఏళ్లకు పైబడిన తెలివి. మా నాయకత్వ పాఠాల్లో అది లేదు.

ఇప్పుడు రాష్ట్రంలో ఇంజనీరింగ్ చదువులో సామాజిక సేవా ప్రాజెక్టు భాగమైంది. వేసవి వస్తే వేలమంది పిల్లలు ఊళ్ల మీదికి వెళ్తారు. వాళ్లను పంపే తోటి అధ్యాపకులకు నా విన్నపం. చెరువైనా, వంకైనా, రోడ్డైనా, కొలతల పెట్టె తెరవకముందే పిల్లలను కింది ఊరికి నడిపించండి. నీళ్లు మోసే ఆడవాళ్లను అడగమనండి. ఎవరైనా వద్దంటే ఎందుకు వద్దన్నారో వాళ్ల మాటల్లోనే నివేదిక మొదటి పేజీలో రాయించండి. ఆ పేజీకి కూడా మార్కులు వేయండి.